అత్తగారి చేతికి రాని నీళ్లు

రెంచి చేత్తో పట్టుకునే ముందు ఆ ఇంట్లోవాళ్ల మాటలు చెవిన వేసుకోండి అని చెప్తే, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం పోయింది. మోకాళ్లు మొరాయించి పని మానేశాక కబుర్లు చెప్పడం తప్ప నాకు మిగిలిందేమీ లేదు. అయినా ఈ సంగతి చెప్పకుండా ఉండలేను. పని బాగా వచ్చు అని నా గురించి నేను గట్టిగా నమ్మిన రోజుల్లో, ఒక వంటింటి కుళాయి నన్ను మూడు చెరువుల నీళ్లు తాగించింది.

బందరులో ఒక హార్డువేరు షాపు ఉండేది. ఎవరింట్లో కుళాయి పాడైనా ఆ షాపులో చెప్తే, అక్కడి నుంచి మమ్మల్ని పంపేవాళ్లు. మేమంటే నేనూ, నా జోడీ. ఆయనది బంటుమిల్లి. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు గానీ, మొదటి రోజే బావా అన్నాడు, నేనూ బావా అన్నాను, అది అలాగే ఉండిపోయింది. పనిమంతుడు, మంచివాడు. ఒక్కటే లోపం. కుళాయిలకి ఎన్ని రోగాలుంటాయో ఆయనకి అక్కర్లేదు, ఆయనకి తెలిసిన రోగం గాలి ఒక్కటే. ఏ ఇంటికి వెళ్లినా, గొట్టానికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, "గాలి పట్టింది బావా" అనేవాడు. చాలాసార్లు నిజంగానే గాలి ఉండేది. అందుకే ఆయన మాట కొట్టిపారెయ్యడానికి నాకు ధైర్యం చాలేది కాదు.

ఆ ఇల్లు ఒక రిటైరైన హెడ్మాస్టారిది. మన డెల్టా ఇళ్ల సంగతి మీకు కొత్తేమీ కాదు. బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. స్నానాలకీ బట్టలకీ అవే. వంటకీ తాగడానికీ మునిసిపాలిటీ వాళ్లు వదిలే మంచినీళ్లు. మాస్టారింటి మేడ మీద రెండు ట్యాంకులుండేవి, ఉప్పునీళ్లకి పెద్దది, మంచినీళ్లకి చిన్నది. చిన్న ట్యాంకులోంచి దిగే గొట్టం వంటింటి కుళాయి ఒక్కదానికే వెళ్తుంది. ఇంట్లో మిగతా కుళాయిలన్నీ బ్రహ్మాండంగా వస్తున్నాయి, వంటింటిది మాత్రం రావడం లేదు. అంటే రోగం చిన్న ట్యాంకుకీ కుళాయికీ మధ్యనే ఉంది. ఇంతవరకూ మేం బాగానే ఆలోచించాం.

తలుపు తీసింది మాస్టారి భార్య. నిలువెత్తు మనిషి, చర్చిలో స్త్రీల కూడికలకి పెద్ద. ఆవిడ మాట వీధి చివరిదాకా వినపడుతుంది.

"రండి బాబూ, చూడండి మా కుళాయి వైభోగం. బిందె నిండేలోపు ఆదివారం ఆరాధన అయిపోతుంది" అని కుళాయి పూర్తిగా తిప్పింది. బుస్సుమని వచ్చాయి నీళ్లు. అలా వచ్చి, చూస్తుండగానే సన్నబడి, చివరికి దారప్పోగంత అయ్యాయి.

పక్కనే కూర తరుగుతున్న కోడలు తల ఎత్తింది. కొత్త కోడలు, అనంతపురం పక్క నుంచి వచ్చిన పిల్ల. "నేను తిప్పితే బాగానే వస్తాయి కదత్తమ్మా" అంది మామూలుగా. లేచి, అత్తగారు కట్టేసిన కుళాయిని రెండు వేళ్లతో కొంచెం, కొంచెమే తిప్పింది. నీళ్లు సన్నగానే అయినా ఆగకుండా వచ్చాయి. గిన్నె నిండింది.

పెద్దావిడ మొహం చూడాలి. "చూశారా బాబూ? నాకు రావు, దానికి వస్తాయి. నేనేదో అబద్ధం చెప్తున్నట్టు!"

"అట్ల అనలేదు అత్తమ్మా" అంది ఆ పిల్ల.

మేం ఆ మాటలు వినలేదు. అంటే చెవిన పడ్డాయి గానీ, అత్తాకోడళ్ల గొడవ మనకెందుకని పనిలో తల దూర్చాం. కుళాయి మూతికుండే జాలీ విప్పితే ఇసుక, సున్నప్పొక్కులు బోలెడున్నాయి. హమ్మయ్య, దొంగ దొరికాడు అనుకున్నాం. కడిగి బిగించి తిప్పాం. బుస్సుమని వచ్చాయి. వెంటనే కట్టేశాం.

ఎందుకు వెంటనే కట్టేశాం? మంచినీళ్లు గనక. ఉప్పునీళ్ల కుళాయైతే పోనీలే అని ఓ పావుగంట వదిలి చూసేవాళ్లం. మంచినీళ్లు ఊరికే పారబోస్తే మన పక్క ఏ ఇంటి ఇల్లాలైనా ఊరుకుంటుందా? మాకే చేతులు రావు. ఇంకొక్క నిమిషం వదిలి ఉంటే ఆ రోజే కథ ముగిసేది, మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

తర్వాత రెండు రోజులకో మూడు రోజులకో మాస్టారు ఫోను చేశారు. గొంతు బాగా తగ్గించి, "మళ్లీ అలాగే ఉందయ్యా. కాస్త తొందరగా వస్తే బాగుంటుంది, ఇంట్లో వాతావరణం బాగాలేదు" అన్నారు.

వెళ్లేసరికి నిజంగానే బాగాలేదు. పెద్దావిడ వంటింట్లో ఒక మూల, కోడలు ఇంకో మూల. బావ యథాప్రకారం గొట్టానికి చెవి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. "గాలి పట్టిందండీ" అన్నాడు.

"ఏంటీ?" అంది పెద్దావిడ.

"గాలి పట్టిందండీ. అప్పుడప్పుడు పడుతుందండీ కొన్ని ఇళ్లకి."

"ఏం మాటలయ్యా అవి! పొద్దున్నా సాయంత్రం ప్రార్థన చేసుకునే ఇల్లిది. మా ఇంటికి గాలి పట్టడమేంటి? ఎవరికి పట్టింది? నాకా?"

బావకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెమటలు పట్టాయి. "అయ్యయ్యో, ఆ గాలి కాదండీ, గొట్టంలో గాలండీ, మామూలు గాలండీ" అని దండాలు పెట్టాడు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు అత్తగారి కంట పడనే పడింది. బావ చేసిన నిర్వాకం వల్ల ఇంట్లో గొడవకి ఇంకో పుల్ల తోడైంది.

ఆ రోజు గొట్టంలో గాలి తీశాం. సింకు కింద వాల్వు మార్చాం. లోపల బిళ్ల ఊడితే కూడా ఇలాగే ముందు బుస్సుమని, తర్వాత సన్నబడి వస్తుంది. అందుకని పాతదాన్ని అనుమానించాం, పాపం దాని తప్పేమీ లేదు. మేడ ఎక్కి ట్యాంకు మూత కూడా తీసి చూశాం. నిండుగా నీళ్లు. మధ్యలో నైలాను తాడుకి వేలాడుతూ పటిక మూట. కాలవనీళ్లలో బురద అడుగుకి దిగడానికి మనందరం వేసేదే. మా ఇంటి ట్యాంకులోనూ ఒకటుంది, బావ వాళ్ల కుండలోనూ ఉంది. దాన్ని చూడటమేంటి, ట్యాంకుకి మూత ఉన్నట్టే అదీను. మూత పెట్టేసి దిగొచ్చాం.

ఆ తర్వాత ఫోను రాలేదు. బాగైపోయిందనుకుని సంతోషించాం. ఒక సాయంత్రం మాస్టారే స్వయంగా షాపుకి వచ్చారు. గొడుగు ముడుస్తూ, నా మొహం చూడకుండా, "మేడ మీద గదిలోకి ఇంకో లైను వెయ్యాలయ్యా. మంచినీళ్ల లైను. సింకు, గట్టు, అన్నీ" అన్నారు.

"వంటింటికా మాస్టారూ?" అన్నాను.

"ఆ."

"వేరు పెడుతున్నారా?"

ఆయన గొడుగు బల్లకి ఆనించారు. "ఒక కుళాయి గురించి ఇద్దరు ఆడవాళ్లు మాటలు మానేస్తారని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నా చెయ్యి మంచిది కాదు గనక ఈ వంటిల్లు ఇంక నాకొద్దు అని ఈవిడ. నా వల్ల గొడవైతే నేనే మేడ మీద వండుకుంటాను అని ఆ పిల్ల. మావాడిది రొయ్యల చెరువుల మీద తిరిగే ఉద్యోగం, వారానికోసారి వస్తాడు, ఇద్దరికీ సరే అంటాడు. చెప్పాల్సినవన్నీ చెప్పాను. వేసెయ్యండి."

ఆయన వెళ్లాక బావా నేనూ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. ఇక్కడ కుళాయి మీద కోపం కోడలి మీదకి వచ్చి పడింది. పెళ్లయి ఏడాది కాని ఇల్లు రెండు పొయ్యిలవుతోందంటే, మేం ఆ కుళాయి బాగుచెయ్యలేకపోయాం గనకే. నాకా రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే పైపులు భుజాన వేసుకుని వెళ్లాం. బావ ఆ రోజు గాలి ఊసెత్తలేదు. మేడ ఎక్కి, కొత్త గొట్టానికి ట్యాంకులో ఎక్కడ కన్నం పెట్టాలో చూడ్డానికి మూత తీశాం. మేడ మీద గది కోడలిదే గనక ఆ పిల్ల అక్కడే ఉంది. ముందు రోజు ఏడ్చినట్టు కళ్లు చెప్తున్నాయి. అయినా మాకు టీ తెచ్చి ఇచ్చి, ఊరికే నిలబడలేక ట్యాంకులోకి తొంగి చూసింది.

"ఆ మూట ఏందన్నా?"

"పటిక మూటమ్మా" అన్నాడు బావ.

"పటిక సరే, ట్యాంకులో ఏంటికి?"

"నీళ్లు తేరుకోవడానికమ్మా. ఇక్కడ అందరి ఇళ్లలోనూ ఉంటుంది. మీ పక్క వెయ్యరా?"

"మా పక్క ట్యాంకులో నీళ్లుంటే కదన్నా, మూట యాడ కడ్తాం?" అని నవ్వింది. అలా నవ్వుతూనే ఆగిపోయింది. "అన్నా, అది పోతాంది!"

"ఏది?"

"ఆ మూట! చూడు, పోతాంది. పోయి ఆ బొక్కకు అతుక్కుంది!"

నేను తల దూర్చి చూశాను. మూటలో పటిక ఎప్పుడో కరిగిపోయింది. మిగిలింది ఉత్త గుడ్డ, చేపతోకలా ఊగుతూ వెళ్లి, కిందికి నీళ్లు దిగే కన్నానికి అడ్డంగా పరుచుకుంది. సరిగ్గా అప్పుడే కింద వంటింటి కిటికీలోంచి పెద్దావిడ గొంతు, "చచ్చింది మళ్లీ!"

బావా నేనూ నోళ్లు తెరిచాం. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. మేం మూత తీసి చూసిన రోజు కింద కుళాయి కట్టేసి ఉంది, మూట బుద్ధిగా వేలాడింది. కుళాయి పూర్తిగా తిప్పితే ఆ లాగుడికి గుడ్డ వెళ్లి మూసేస్తుంది. కట్టేస్తే వదిలేస్తుంది. కొంచెమే తిప్పితే కదలదు. చూడాల్సినదాన్ని చూసి కూడా, మన ఇంట్లోనూ ఉందిగా అని వదిలేశాం. మూటలు కట్టని ఊరి నుంచి వచ్చిన పిల్ల గనక అడిగింది.

ఆ పిల్ల అప్పటికే పిట్టగోడ దగ్గరికి పరిగెత్తింది. వంగి కింది కిటికీ వైపు అరిచింది. "అత్తమ్మా! కుళాయి కట్టేయండి!"

అన్ని రోజుల తర్వాత పిలిచిన పిలుపది. పలకాలా వద్దా అని ఆవిడ ఆలోచించి ఉంటుంది. చివరికి, "ఏంటే?" అంది.

"కట్టేయండి అత్తమ్మా, ఒక్కసారి!"

కట్టినట్టుంది. ట్యాంకులో గుడ్డ మెల్లగా కన్నాన్ని వదిలి వెనక్కి వచ్చింది. "వచ్చేసిందమ్మా!" అని బావ ఎగిరాడు.

"ఇప్పుడు కొంచెం తిప్పండి! నేను తిప్పినట్ల!"

"వస్తున్నాయే!"

"ఇప్పుడు పూర్తిగా!"

"ఓరి నాయనో, పోయాయే!"

"అంతే అత్తమ్మా! మీ చెయ్యి కాదు! మూట!"

"మూటేంటే?"

ఇంక ఆవిడ ఆగలేదు. గరిటె చేత్తోనే మెట్లెక్కి వచ్చింది, ఆయాసపడుతూ. వెనకాల పేపరు చేత్తో మాస్టారు. ఈసారి కోడలు కిందికి పరిగెత్తి కుళాయి తిప్పింది, అత్తగారు ట్యాంకు దగ్గర నిలబడి అరిచింది. "వెళ్తోందే! వెళ్తోంది! ఆ, మూసేసింది! కట్టు కట్టు! వదిలేసింది!" అలా ఎన్నిసార్లు ఆడారో నేను లెక్కపెట్టలేదు. మంచినీళ్లు అంతసేపు పారుతుంటే ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అనకపోవడం అదే మొదటిసారి అయ్యుంటుంది. పక్కింటివాళ్లు గోడ మీంచి చూస్తున్నారు. మాస్టారు నవ్వి నవ్వి కూలబడ్డారు. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గుపడకుండా చెప్తున్నాను.

కోడలు మళ్లీ పైకి వచ్చాక మూట బయటికి లాగాను. లాగి చూస్తే అది మామూలు మూట గుడ్డ కాదు. పటికకి చేతిరుమాలంత పాతగుడ్డ చాలు. ఇది మందపాటి కొత్త బట్ట, దుప్పటంత వెడల్పు, దాన్ని రెండు మడతలు పెట్టి కట్టారు.

"ఇంత గుడ్డ ఎవరు కట్టారమ్మా?" అన్నాను.

పెద్దావిడ గరిటె వైపు చూసుకుంది. మాస్టారే చెప్పారు. "కోడలు కాపరానికొచ్చిన కొత్తలో కడుపునొప్పితో మంచమెక్కింది. ఈ నీళ్లు పడలేదేమో అన్నారు డాక్టరు గారు. అంతే, ఈవిడ పెడనలో తెలిసిన నేతవాళ్ల దగ్గర మందం బట్ట తెప్పించి, ఇంత పటిక పెట్టి..."

"ఆ సంగతులన్నీ ఇప్పుడెందుకండీ?" అంది ఆవిడ.

ఆ పిల్ల గుడ్డ చేతిలోకి తీసుకుంది. నీళ్లు కారుతున్నాయి. "నాకోసరమా అత్తమ్మా?"

"నీకోసరం కాదు. మీ మావయ్యకి కడుపు అంత మంచిది కాదు" అంది పెద్దావిడ. మాస్టారు ఆశ్చర్యంగా తన కడుపు వంక చూసుకున్నారు. ఇంక ఎవరికీ నవ్వు ఆగలేదు, ఆవిడకి కూడా.

"మరి నాకు చెప్పలేదే?"

"చెప్తే? మా అత్తగారింట్లో నీళ్లు మంచివి కావని మీ అమ్మకి ఫోను చేస్తావని! మాది హంసలదీవి పక్క, ఏటి చివర. కృష్ణంతా మా కళ్ల ముందే సముద్రంలోకి పోయేది, తాగడానికి చుక్క ఉండేది కాదు. వచ్చినవాళ్లకి మంచినీళ్లు ఇవ్వలేకపోతే మా అమ్మ ఆ పూట అన్నం తినేది కాదు. ఇంటికొచ్చిన పిల్లకి నీళ్లు పడలేదంటే నాకెలా ఉంటుందే?"

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మా పక్క కుళాయి పూర్తిగా తిప్పితే మా అవ్వ చేతి ఏళ్ల మీద కొట్టేది అత్తమ్మా. ఆ భయానికి నేను సన్నంగానే తిప్పుతా. అంతేగానీ మీకు రావని, నాకు వస్తాయని కాదు."

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా" అంది అత్తగారు. నిజంగా ఏడుస్తున్నది మాత్రం ఆవిడే.

మా బావకి సమయం సందర్భం తెలియవని నేను ఎప్పుడూ తిడుతుండేవాణ్ణి. ఆ రోజు మాత్రం తెలిసే అడిగాడు. "మాస్టారూ, మరి ఈ పైపులు ఎక్కడ వెయ్యమంటారండీ?"

మాస్టారు నోరు తెరిచేలోపే పెద్దావిడ అందుకుంది. "ఎక్కడివక్కడికి పట్టుకుపొండి. మేడ మీద వంటిల్లేంటి, విడ్డూరం కాకపోతే! ఈ మోకాళ్లతో నేను మెట్లెక్కొచ్చి అన్నం తినాలా?"

ఆ పూట మమ్మల్ని వెళ్లనివ్వలేదు. ఆవిడ చేపల పులుసు పెట్టింది. కోడలు వాళ్ల ఊరి ఉగ్గాని చేసింది, మరమరాలు నీళ్లలో తడిపి, పిండేసి, తాలింపు పెట్టేది. "మరమరాలు తడుపుకు తినడమేంటే, మెత్తబడ్డవి పారేస్తాం మేం" అని అత్తగారు వెక్కిరిస్తూనే మారు వడ్డించుకుంది. బావ ఉగ్గానిలో చేపల పులుసు కలుపుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నానండీ, గాలే అని" అన్నాడు.

"గాలి కాదయ్యా మహానుభావా, గుడ్డ!" అంది పెద్దావిడ. ఆ మాట మా షాపులో చాలాకాలం నిలిచిపోయింది. ఎవరైనా తప్పు చోట వెతుకుతుంటే గాలి కాదు, గుడ్డ అనేవాళ్లం.

పని సంగతి కూడా చెప్పాలి కదా. ట్యాంకులో నీళ్లు దిగే కన్నానికి లోపలి వైపు జాలీ బిగించాం. పటిక చిన్న గుడ్డలో, పొట్టి తాడుతో, కన్నానికి అవతలి వైపు కట్టించాం. కుళాయి పూర్తిగా తిప్పి వదిలేసి, మనసు చిక్కబట్టుకుని, బిందె పొంగేదాకా చూశాం. మీరు కూడా అలాగే చూడండి. ఆ పారే నీళ్లు కింద బిందెలో పట్టండి, ఎవరూ తిట్టరు.

తర్వాత కొన్నాళ్లకి మాస్టారు మళ్లీ షాపుకి వచ్చారు. "మేడ మీదకి లైను వెయ్యాలయ్యా" అన్నారు. మళ్లీ రెండు పొయ్యిలా అనుకున్నాను. పైపులు పట్టుకుని వెళ్లాను. గుమ్మంలోనే పెద్దావిడ ఎదురైంది. కోడలికి నెలలు నిండుతున్నాయట, బిందెతో మెట్లెక్కకూడదట.

"ఒక్క కుళాయి, అంతే. పొయ్యి గట్టు కట్టావో, నీ పని చెప్తాను" అంది వేలు చూపిస్తూ.

నవ్వుకుంటూ మేడ ఎక్కాను. అలవాటు కొద్దీ చిన్న ట్యాంకు మూత తీశాను. లోపల రెండు మూటలున్నాయి. ఒకటి పెద్దావిడది, మేం కట్టించిన తెల్లగుడ్డ. రెండోది పూలపూల గుడ్డ, చున్నీ చింపి కట్టినట్టుంది, ముడి కూడా కొత్త చెయ్యి వేసిన ముడి. ఇదేంటమ్మా అన్నట్టు చూస్తే, వెనకాలే వచ్చిన కోడలు పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"ఈ మధ్య అత్తమ్మకు కడుపులో బాగుండటం లేదన్నా. ఆమెకు చెప్పొద్దు."

చెప్పనన్నాను. రెండు తాళ్లూ పొట్టిగానే ఉన్నాయో లేదో చూసుకుని, మూత పెట్టేసి దిగొచ్చాను.